దామోదరం సంజీవయ్య గారు: అందరికిని పంచి కడపట నిలిచినవాడు

ధ్యాన భాగములు: యెహోషువ 19:49–51, 1 సమూయేలు 12:1–5, నిర్గమకాండము 18:21



యెహోషువ గ్రంథములో భూములు పంచిపెట్టిన వృత్తాంతము చదువునప్పుడు మనలో అనేకులకు విసుగు కలుగును. ఆ సరిహద్దులు, ఆ ఊళ్ల పేర్లు నోరు తిరుగవు. గాని ఆ పేర్ల చివర ఒక గొప్ప సంగతి దాగియున్నది. గోత్రములన్నిటికి చీట్లువేసి స్వాస్థ్యములు పంచియిచ్చిన పిమ్మట, కట్టకడపట యెహోషువకు ఒక ఊరు దొరికెను. అదియు ఎఫ్రాయిము మన్యములో నుండెను. ఇప్పుడు మన జిల్లాకు పెట్టిన పేరును మన్యమే గదా! కొలతాడు తన చేతిలోనే యున్నను ఆయన మంచి చెక్కను ముందుగా తనకు గిరి గీసికొనలేదు. పంచువాడు కడపట నిలుచుట లోకములో బహు అరుదు.

ఈ మాసము మేము మీ ముందుంచుచున్నది అట్టి యొక మనుష్యుని జీవితము. ఆయన మన సంఘమువాడు కాడు, మన మతమువాడును కాడు. అయినను దేవుడు తన్ను ఎరుగని కోరెషును సైతము పేరుపెట్టి పిలిచి తన ప్రజల మేలుకొరకు వాడుకొనెనని యెషయా 45వ అధ్యాయములో చదువుచున్నాము. కాబట్టి మేలు ఎక్కడ కనబడినను దానిని మేలని ఒప్పుకొనుటకు విశ్వాసి సంకోచింపనక్కరలేదు.

పెద్దపాడు పిల్లవాడు

రాష్ట్రమునకు మనమొక కొనయందుంటే, కర్నూలు మరియొక కొనయందున్నది. ఆ పట్టణమునకు సమీపమున పెద్దపాడను పల్లె యున్నది. అక్కడ 1921 ఫిబ్రవరి 14న ఒక బీద మాల కుటుంబములో సంజీవయ్య గారు పుట్టిరి. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. బిడ్డ పుట్టిన కొద్ది దినములకే తండ్రి గతించెను. ఇంట సెంటు భూమి లేదు, సంపాదించు చేయి లేదు. విధవరాలైన తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని పాలకుర్తిలోనున్న తన సహోదరుని పంచను చేరెను. అక్కడ ఈ పిల్లవాడు పసులు కాచెను.

కొన్ని సంవత్సరములకు వారు తిరిగి పెద్దపాడు వచ్చిరి. అన్నగారు కూలికి పోయి ఇల్లు గడుపుచు తమ్ముని బడిలో వేసెను. ఇచ్చట మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. కూలి చేసికొను ఇంటిలో పదేండ్ల బిడ్డయనగా నాలుగు డబ్బులు తెచ్చు చేతులు. పసులవెంట పంపిన నోటికి గంజి దొరకును, బడికి పంపిన ఆ గంజియు పోవును. ఈ లెక్క తెలిసియుండియే ఆ అన్న తన చెమటను తమ్ముని పలకకు ధారపోసెను. సంజీవయ్య గారి చరిత్ర వ్రాయువారు ఆయన పదవులను వరుసగా చెప్పుదురు గాని, ఆ పదవులన్నిటి క్రింద పునాదిరాయిగా నున్నది పేరు ప్రతిష్ఠలు లేని ఈ అన్న కూలి డబ్బులే.

పల్లెలో ప్రాథమిక విద్య ముగిసిన తరువాత ఆయన కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషను పాఠశాలలో చదివిరి. ఆ దినములలో అంటరానివారని పేరుపెట్టి వెలివేసిన బిడ్డలను చేరదీసి, మిగిలిన బిడ్డలతో కలిపి కూర్చుండబెట్టిన బడులు తక్కువ. మిషను బడి అట్టి తలుపులలో నొకటి. మన సాలూరునకు 1880 దశకములో జర్మను దేశమునుండి బ్రెక్లుము మిషనువారు వచ్చి సేవ మొదలుపెట్టిన సంగతి మీరెరుగుదురు. బడిలో అక్షరము నేర్పినవారు ఆ బిడ్డ ముందుకు ఏమగునో ఎరుగరు. విత్తువాడొకడు, కోయువాడొకడు. విత్తినదంతయు మన కళ్లములోనే పడవలెనని కోరుట విశ్వాసము కాదు.

1935లో ఆయన కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చేరి, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. ముగించిరి. పిమ్మట విద్యార్థి వేతనముతో అనంతపురము దత్తమండల కళాశాలలో చదివి 1942లో బి.ఏ. పట్టము పొందిరి. పట్టము చేతికి వచ్చినను వెంటనే కడుపు నిండలేదు. అది యుద్ధకాలము. చిన్న చిన్న తాత్కాలికపు సర్కారు ఉద్యోగములు చేయుచు గడిపిరి. బళ్లారిలో నున్నప్పుడు ఒక న్యాయమూర్తి ఆయన తెలివిని గుర్తించి న్యాయశాస్త్రము చదువుమని ప్రోత్సహించెను. అంతట మద్రాసు వెళ్లి, ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుచు, ఆ జీతముతో లా కళాశాలలో చదివి 1948లో పట్టము పొందిరి. 1950లో న్యాయవాదిగా నమోదయిరి.

శాసనసభలో

ఆ సంవత్సరమే, అనగా భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చిన 1950లోనే, ఆయన ఢిల్లీలోని తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడైరి. వయస్సు ఇరువదితొమ్మిది. 1952లో దేశమునకు మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు కర్నూలు ప్రాంతమునుండి మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజగోపాలాచారి గారి మంత్రివర్గములో సహకారము, గృహనిర్మాణము శాఖలకు మంత్రియైరి.

ఆ కాలపు ఎన్నికల పద్ధతి ఇప్పటి యువకులకు తెలియకపోవచ్చును. కొన్ని నియోజకవర్గములలో ఇద్దరేసి సభ్యులుండిరి. ఒక స్థానము అందరికి, రెండవది షెడ్యూల్డు కులములకో తెగలకో ప్రత్యేకింపబడినది. ఓటరు రెండు ఓట్లు వేసెడివాడు. 1961లో చట్టము చేసి ఆ జంట స్థానములను తీసివేసి, ఒక నియోజకవర్గమునకు ఒకే సభ్యుడను పద్ధతి నిలిపిరి. ప్రత్యేకింపబడిన స్థానమునుండి వచ్చినవాడు తన కులమువారికి మాత్రమే ప్రతినిధియని అనేకులు తలంచెడివారు, ఇప్పటికిని కొందరు తలంచుచున్నారు. అది తప్పు. అక్కడను ఓటువేయువారు అన్ని కులములవారు, సభలో పలుకవలసినది అందరి పక్షమున. మన సాలూరు నియోజకవర్గము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది గనుక ఈ మాట మనకు మరి ఎక్కువగా తెలియవలెను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని యాయెను. ఏ పట్టణములో ఈయన బీద విద్యార్థిగా నడచెనో ఆ పట్టణమునకే మంత్రిగా తిరిగివచ్చి, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గములో పనిచేసిరి. 1954లో ఉపాధ్యాయినియైన కృష్ణవేణి గారిని వివాహమాడిరి. 1955 ఎన్నికలలో ఎమ్మిగనూరునుండి శాసనసభకు వచ్చిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదునకు మారిన తరువాతను మంత్రిగా కొనసాగిరి. శాసనసభ్యుడనగా సంవత్సరమున కొన్ని దినములు సభలో కూర్చుండి వచ్చువాడు కాడు. వినవలసినవాడు, ఫైలు చదువవలసినవాడు, ఏ రూపాయి ఎక్కడికి పోవుచున్నదో అడుగవలసినవాడు. సంజీవయ్య గారు ఈ పనిని ఒక్కొక్క మెట్టుగా నేర్చుకొనిరి.

రెండు సంవత్సరముల రెండు మాసములు

1960లో నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అఖిల భారతాధ్యక్షులుగా వెళ్లుటచేత ముఖ్యమంత్రి స్థానము ఖాళీయాయెను. ఆ యేట జనవరి 11న సంజీవయ్య గారు ముఖ్యమంత్రి యైరి. అప్పటికాయనకు ముప్పదితొమ్మిది సంవత్సరములు నిండలేదు. భారతదేశములో దళితుడొకడు ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యగుట అదే మొదటిసారి. ఊరిబావిలో చేద వేయుటకు అనుమతిలేని ఇంటి బిడ్డ రాష్ట్రపు లెక్కలపై సంతకము పెట్టు స్థానమున కూర్చుండెను. బలమైన భూస్వామ్య వర్గములతో నిండిన రాజకీయములలో ఆ కుర్చీ మెత్తని కుర్చీ కాదు. 1962 మార్చి 12 వరకు, అనగా రెండు సంవత్సరముల రెండు మాసములు మాత్రమే, ఆయన దానియందుండిరి. ఆ కొద్ది కాలములో చేసినవాటిలో మూడు సంగతులను మాత్రము ఇక్కడ చెప్పుచున్నాము.

మొదటిది భూమి. సర్కారువారి బంజరు భూములను భూమిలేని బీదలకు పంచిపెట్టించిరి. అవి సుమారు 6 లక్షల ఎకరములని చెప్పుదురు. అట్టి భూమికి పట్టా యిచ్చినప్పుడు దానిని దున్నుకొనుటకు హక్కుండెను, తరువాత బిడ్డలకు సంక్రమించుచుండెను, గాని ఆ దినములలో దానిని అమ్ముకొనుటకు వీలులేకుండెను. ఎందుకు ఈ నిబంధన? బీదవాని చేతికి భూమి వచ్చిన మరుసటి యేడే కరవు వచ్చును, లేక కూతురి పెండ్లి వచ్చును. అప్పిచ్చినవాడు ఆ చెక్కమీద కన్నువేయును. ఈ విధముగా అనేకుల భూములు చేతులు మారిపోయినందున 1977లో అసైన్డు భూముల అన్యాక్రాంతమును నిషేధించుచు రాష్ట్రమున ప్రత్యేక చట్టము చేయవలసివచ్చెను. పంచుట ఒక పని, పంచినది బీదవాని చేతిలో నిలుపుట మరియొక పని. నాబోతు ద్రాక్షతోటను కోరిన అహాబు ప్రతి ఊరిలోను ఒకడుండును.

రెండవది వృద్ధుల పింఛను. దీనినిగూర్చి ఒక సంగతి జనులు చెప్పుకొందురు. ఆయన ముఖ్యమంత్రిగా తల్లిని చూడబోయి ఆమె చేతిలో 100 రూపాయలు పెట్టగా, కొడుకు ముఖ్యమంత్రియైన తల్లికి ఈ డబ్బు వచ్చినది గాని, అట్టి కొడుకు లేని తల్లులు ఏమి తిని బ్రదుకుదురని ఆమె అడిగెనట. ఆ ప్రశ్న ఆయన మనస్సును విడువలేదట. చెప్పుకొను మాటలను చెప్పుకొను మాటలుగానే తీసికొందము. గాని ఆయన కాలములోనే ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను మొదలైనది వాస్తవము. అప్పటికి దేశములో అట్టి ఏర్పాటుగల రాష్ట్రములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని అట్టి సహాయ పథకము ప్రారంభించినది 1995లో.

నేడు ప్రతి మాసము మొదటి దినమున మన పల్లెలలోని అవ్వలు, తాతలు పింఛను అందుకొనుచున్నారు. మన రాష్ట్రములో 2024 జూలైనుండి వృద్ధులకు అది నెలకు 4,000 రూపాయలాయెను. ఆ నోట్లు లెక్కపెట్టుకొను వారిలో ఎంతమందికి ఈయన పేరు తెలియును? తెలియకపోయినను నష్టము లేదు. మేలుచేసినవాని పేరు మరువబడి మేలు మాత్రము నిలిచియుండుట కంటె గొప్ప కీర్తి ఏది?

మూడవది లంచముపై పోరు. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ ప్రత్యేక శాఖగా పని ప్రారంభించెను. బీదలకు భూమి యిచ్చి, వృద్ధులకు పింఛను ఇచ్చి, మధ్యనున్న చేతులను కనిపెట్టకపోయిన యెడల ఆ మేలు పల్లె చేరకముందే ఇంకిపోవును. చిల్లుకుండతో నూతి నీరు తోడినట్లగును. ఈ మూడు పనులు ఒకదానితో నొకటి కలిసియున్నవని మాకు తోచుచున్నది.

ఢిల్లీలో, పిదప

1962 ఎన్నికలలో ఆయన కర్నూలు జిల్లాలోని కోడుమూరునుండి గెలిచిరి. గాని ముఖ్యమంత్రి పదవి తిరిగి సంజీవరెడ్డి గారికి వెళ్లెను. పదవి పోయినప్పుడు మనుష్యుని గుణము తెలియును. ఆయన దానికొరకు పార్టీని చీల్చలేదు. ఆ సంవత్సరమే అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడైరి. దళితులలో ఆ స్థానమునకు వచ్చినవారిలో ఆయనే మొదటివాడు. 1964లో రాజ్యసభ సభ్యుడై, కేంద్రములో కార్మిక శాఖ మంత్రి యైరి. 1965లో కార్మికులకు బోనసు చెల్లించు చట్టము వచ్చినది ఆయన ఆ శాఖలో నున్నప్పుడే. మరల 1970లో ఆ శాఖను చూచుచుండగా కంట్రాక్టు కూలీలనుగూర్చిన చట్టము వచ్చెను. అన్న కూలిడబ్బుతో చదివిన తమ్ముడు కూలివాని హక్కులను చూచు శాఖకు మంత్రి యగుట దేవుని ఏర్పాటులో వింతయైనది.

1971లో ఆయన మరల కాంగ్రెసు అధ్యక్షుడైరి. ఆ పదవిలో నుండగానే 1972 మే మాసములో ఢిల్లీలో కన్నుమూసిరి. వయస్సు ఏబదియొకటి. రెండు దశాబ్దములు మంత్రిగాను, ముఖ్యమంత్రిగాను, పార్టీ అధ్యక్షునిగాను నున్న మనుష్యుడు ధనము కూడబెట్టుకొనలేదని ఆయన నెరిగినవారును, ఆయనతో విభేదించినవారును ఒకే మాటగా చెప్పిరి. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు గట్టున ఆయన పేరిట ఒక ఉద్యానవనమున్నది. 2008లో తపాలా శాఖవారు ఆయన చిత్రముతో స్టాంపు వేసిరి. ఇవి ఇతరులు చేసినవి. తనకొరకు తాను కట్టుకొన్నది ఏదియు లేదు.

మనకు కలుగు పాఠము

ఇశ్రాయేలీయుల యెదుట నిలిచి వృద్ధుడైన సమూయేలు తన లెక్క అప్పగించిన సంగతి 1 సమూయేలు 12వ అధ్యాయములో నున్నది. తాను ఎవని యెద్దునైనను, గాడిదనైనను తీసికొంటినా, ఎవనికైనను అన్యాయము చేసితినా, ఎవనియొద్దనైనను లంచము పుచ్చుకొంటినా అని ఆయన అడిగెను. జనులు లేదని సాక్ష్యమిచ్చిరి. ఈ వాక్యమును మనము ఎల్లప్పుడును నాయకులకే అన్వయింతుము. గాని జనుల పక్కను నిలిచి ఒకసారి చదువుడి. ఆ దినమున జనులు సాక్ష్యము ఇయ్యగలిగిరి. ఎందుచేత? వారును సమూయేలునొద్ద ఏమియు తీసికొనలేదు. తీసికొన్నవాని సాక్ష్యము చెల్లదు.

ఎన్నికల ముందు రాత్రి మన వీధులలోనికి ఏమి వచ్చునో మీకును మాకును తెలియును. నోట్లు వచ్చును, సీసాలు వచ్చును, చీరెలు వచ్చును. అందరు తీసికొనుచున్నారు గదా, వారి సొమ్మా, మన సొమ్మే గదా అని మన విశ్వాసులలోను కొందరు చెప్పుదురు. బీదరికములో ఆ నోటును కాదనుట ఎంత కష్టమో మేము ఎరుగనివారము కాము. ఇంట బియ్యము లేనివానికి ఈ మాట చెప్పుట మాకును సులభము కాదు. అయినను చెప్పక తప్పదు. ఓటు అమ్మినవాడు అయిదు సంవత్సరములు అడుగు హక్కును అమ్ముకొన్నవాడు. గెడ్డమీద వంతెన ఏది అని, ఆసుపత్రిలో మందు ఏది అని, పట్టా ఏది అని అడుగబోయినప్పుడు, నీ వెల ఆ రాత్రియే చెల్లించితిని గదా అని ఎదుటివాడు తలంచును. పైకి అనకపోయినను తలంచును. సంజీవయ్య గారివంటి నాయకులు ఎందుకు పుట్టుటలేదని అడుగుటకు ముందు, అట్టివాడు ఒట్టి చేతులతో మన గడపకు వచ్చినయెడల మనము ఓటు వేయుదుమా అని అడుగుకొనవలెను.

మోషేకు ఆయన మామయైన యిత్రో ఇచ్చిన సలహా నిర్గమకాండము 18:21లో చదువుడి. ఎట్టివారిని ఏర్పరచుకొనవలెను? సమర్థత, దైవభక్తి, సత్యమునందు ప్రీతి, లంచమునెడల అసహ్యము గలవారిని. అందులో కులము లేదు, ధనము లేదు, ఎవని వెంట ఎన్ని వాహనములు వచ్చునను లెక్క లేదు.

ఇంటిలోనికి కూడ ఈ దీపమును తెచ్చుకొందము. సంఘ కానుకల పెట్టె మన చేతిలోనున్నప్పుడు మనమును కొలతాడు పట్టినవారమే. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో, దినదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు విడువబడిరని సణుగు పుట్టగా, మంచి పేరుపొందిన ఏడుగురిని ఏర్పరచిరి. మన పేటలోను పింఛను రాని అవ్వ యుండవచ్చును. కాగితము లేకనో, వయస్సు తప్పుగా పడియో, అడుగుటకు నోరు లేకనో ఆమె విడువబడియుండును. చదువుకొన్న మన యౌవనస్థులు ఆమె వెంట కార్యాలయమునకు నడచి, ఆమెచేత వేలిముద్ర వేయించి, ఒక్క రూపాయియైనను ఆశింపక తిరిగిరావలెను. అది రాజకీయము కాదు, పవిత్రమైన భక్తియని యాకోబు తన పత్రిక 1వ అధ్యాయము 27వ వచనములో చెప్పినదానిలోనిదే.

మరియు పసులవెంట, మామిడితోటలకు, పట్టణపు పనులకు పోవుచున్న బిడ్డలను మనము చూచుచున్నాము. వారిలో ఎవడు సంజీవయ్యయో ఎవరికి తెలియును? ఒక అన్న కూలి, ఒక తల్లి ప్రశ్న, ఒక బడి తలుపు, ఈ మూడును కలిసినప్పుడు ఒక మనుష్యుడు లేచెను. ఈ మూడింటిలో ఏదో ఒకటి మన చేతిలోనున్నది.

ప్రార్థన: నీతిగల న్యాయాధిపతివైన తండ్రీ, బీదవానిని పెంటకుప్పమీదనుండి లేవనెత్తువాడవు నీవే. మమ్మును ఏలువారికి పట్టుకొనని చేతులను, మాకు అమ్ముకొనని మనస్సులను దయచేయుము. విడువబడిన వృద్ధులను మా కన్నులకు కనబరచుము. మా బిడ్డల చదువుకొరకు శ్రమపడుటకు మాకు ఓర్పు నిమ్ము. అందరికి తన్నుతాను పంచియిచ్చి తలవాల్చుకొనుటకైనను స్థలము లేకయుండిన మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము. ఆమేన్.